పొదలు కమ్మిన పెరటిని బాగు చేయడం: ఒంటరిగా ఉన్న పెద్దవారి ఇంటికి శ్రమదానానికి వెళ్ళేవారి కోసం

పిల్లలు హైదరాబాదుకో, బెంగళూరుకో, విదేశాలకో వెళ్ళిపోగా పాత పెంకుటింట్లో ఒక్కరే మిగిలిన పెద్దవారి ఇళ్ళు మన ఊళ్ళలో ప్రతి వీధిలోనూ ఒకటో రెండో ఉంటాయి. అలాంటి ఇంటి ముందు భాగం ఎంతో కొంత శుభ్రంగానే కనిపిస్తుంది. వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, రెండు గీతలైనా ముగ్గు వేసి ఉంటుంది. వెనక తలుపు తీసినప్పుడు గానీ అసలు సంగతి తెలియదు. మోకాళ్ళ నొప్పులు మొదలైన ఏడు పెరట్లో తిరగడం తగ్గుతుంది, ఆ వానాకాలంలో వయ్యారిభామ మొలుస్తుంది, మరుసటి ఏడు సర్కారు తుమ్మ తలెత్తుతుంది, మూడో ఏటికి మరుగుదొడ్డికి వెళ్ళే దారి మనిషి పక్కకు తిరిగి నడవవలసినంత సందుగా మిగులుతుంది.

ఇలాంటి పెరటిని ఇరుగుపొరుగువారు నలుగురు కలిసి బాగు చేయదలచుకున్నప్పుడు ఏ పని ముందు చేయాలో, ఏది అసలు చేయకూడదో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందులో ఒక్క విషయంలో నా పట్టుదల ఎక్కువ. పెరడంతా చదునుగా, ఎర్రమట్టి కనిపించేలా గీకి వదిలిపెట్టడం మన లక్ష్యం కాదు. ఆ ఇంట్లో ఉన్న మనిషి రాత్రి రెండు గంటలకు లేచి మరుగుదొడ్డి దాకా భయం లేకుండా వెళ్ళి రాగలగాలి, బావి దగ్గరో కుళాయి దగ్గరో నిలబడి నీళ్ళు పట్టుకోగలగాలి, బట్టలు ఆరవేసుకోగలగాలి. ఈ మూడు జరిగితే మూలన నాలుగు పొదలు మిగిలినా నష్టం లేదు. ఇవి జరగకుండా పెరడంతా ఖాళీ చేసినా ప్రయోజనం లేదు.

ముందు ఇంటి పెద్దావిడతో మాట్లాడాలి

పెద్దావిడ దగ్గరికి వెళ్ళి "మీ పెరడంతా అడవిలా తయారైందండీ, మేమందరం వచ్చి బాగు చేస్తాం" అని మొదలుపెడితే, "నాకేం ఇబ్బంది లేదు నాయనా, మీ పనులు మీరు చూసుకోండి" అనే జవాబు వస్తుంది. ఆ జవాబు అభిమానం కొద్దీ వచ్చింది గానీ అవసరం లేక వచ్చింది కాదు. దాని బదులు "మామ్మగారూ, చీకటి పడ్డాక దొడ్లోకి వెళ్ళడానికి ఇబ్బందిగా ఉంటోందా?" అని అడిగితే, తలుపు దగ్గర కర్ర ఎందుకు పెట్టుకున్నారో, సాయంత్రం అయిదు దాటాక మంచినీళ్ళు తాగడం ఎందుకు మానేశారో ఆవిడే చెబుతారు. ఆ మాటల్లోంచే పని జాబితా తయారవుతుంది. ఈ సంభాషణకు ఇద్దరి కంటే ఎక్కువ మంది వెళ్ళకూడదు, అందులో ఒకరు ఆవిడకు బాగా తెలిసిన ఆడవారై ఉంటే మంచిది.

ఇల్లు ఎవరి పేరున ఉందో, కొడుకులకూ కూతుళ్ళకూ ఈ సంగతి తెలుసో లేదో మొదటే కనుక్కోవాలి. ఆవిడ అద్దెకు ఉంటున్నట్లయితే ఇంటి యజమాని ఒప్పుకోవాలి. సొంత ఇల్లయితే దూరాన ఉన్న పిల్లలకు ఆవిడ చేతనే ఫోను చేయించి చెప్పించడం మర్యాద. పక్కింటివారితో హద్దు తగాదా ఉంటే ఆ వైపు కంచె జోలికి అసలు పోకూడదు. హద్దురాయి మట్టిలో కూరుకుపోయి కనిపించినా దానిని కదిలించకుండా చుట్టూ గడ్డి తీసి వదిలేయాలి. సర్కారు తుమ్మ కంపనే దడిగా పెట్టుకున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆ కంపను తీసేస్తే మేకలూ, పందులూ, కుక్కలూ లోపలికి వస్తాయి కాబట్టి దాని స్థానంలో ఏం వస్తుందో తేలిన తరువాతనే దానిని ముట్టుకోవాలి.

తరువాత ఆవిడను కుర్చీ వేసి వెనక గడపలో కూర్చోబెట్టో, నడవగలిగితే వెంట తీసుకువెళ్ళో, ఉంచవలసిన మొక్కలన్నింటికీ పాత చీర చింపిన రంగు గుడ్డపీలికలు కట్టాలి. ఇది అరగంట పని. దీనిని దాటవేసినవారు కరివేపాకు పిలకల్నీ, నేలమట్టానికి ఎండి తిరిగి చిగురిస్తున్న మల్లె పాదునూ కలుపుతో పాటు కోసేస్తారు. మనకు కలుపుగా కనిపించేది ఆవిడకు అవసరమైనది కావచ్చు. తెలంగాణలో గునుగు చేనులో కలుపు, బతుకమ్మకు మాత్రం అది లేకపోతే పువ్వు నిండదు. వినాయక చవితి నాటి ఇరవై ఒక్క పత్రిలో గరిక, ఉత్తరేణి, ఉమ్మెత్త, వాకుడు, జిల్లేడు, రేగు, గన్నేరు ఉన్నాయి, అంటే పాడుబడిన పెరటిలో పెరిగేవాటిలో సగం అవే. ఏటా వీధిలోని పిల్లలు ఆ ఇంటి పెరటికే పత్రికి వస్తారని ఆవిడ మురిపెంగా చెప్పుకుంటారేమో, అడిగితే గానీ తెలియదు. చవితి దగ్గరలో ఉంటే ఒక మూలను పండుగ దాకా వదిలేయడం వల్ల మనకు పోయేదేమీ లేదు. పొన్నగంటి కూర, తిప్పతీగ, గుంటగలగర వంటివి కూడా అడిగే తీయాలి.

ఎప్పుడు, ఎంతమంది, ఏ పనిముట్లతో

వేర్లతో పీకడానికి తడి నేల కావాలి, మనుషులు పని చేయడానికి ఎండ తగ్గాలి, పురుగూ పుట్రా తక్కువగా ఉండాలి. ఈ మూడూ ఒకేసారి కుదిరే రోజు ఏడాదిలో ఎక్కువ ఉండదు. జూన్ తొలకరి పడిన తరువాత వయ్యారిభామ పూతకు రాకముందు ఒకసారి, వానలు వెనకబట్టాక కార్తీక మార్గశిరాల్లో మరొకసారి పని పెట్టుకోవడం అన్నింటికంటే మేలు. మే నెల వడగాలుల్లో ఈ పనికి ఎవరినీ పిలవకూడదు. ఏ నెలలోనైనా తెల్లవారి వెలుగు బాగా వచ్చాక మొదలుపెట్టి ఎండ ముదరకముందే ఆపాలి. మసక చీకటిలో పొదలో చెయ్యి పెట్టే ఆత్రం పనికిరాదు.

అయిదు సెంట్ల పెరటికి, అంటే సుమారు 242 చదరపు గజాలకు, ఎనిమిది మంది సరిపోతారు. ఇరవై మంది వస్తే సందడి ఉంటుంది గానీ ఒకరి కత్తి ఇంకొకరికి తగిలే ప్రమాదమూ ఉంటుంది. కత్తి, కొడవలి, గొడ్డలి పట్టినవారి మధ్య కనీసం రెండు బారల దూరం ఉండాలి. మనుషులు చాలకపోతే దగ్గరి డిగ్రీ కళాశాలలోని జాతీయ సేవా పథకం విభాగాన్ని అడగవచ్చు. 1969లో మొదలైన ఈ పథకంలో చేరిన విద్యార్థులు రెండేళ్ళలో 240 గంటలు సేవ చేయాలి కాబట్టి వారికీ ఇది పనికివస్తుంది. చిన్న పిల్లలను మాత్రం కోత పని అయ్యాక నీళ్ళు అందించడానికి, మొక్కలు నాటడానికి రానివ్వాలి.

పనిముట్లలో రెండు పదునైన కొడవళ్ళు, ఒక వేటకత్తి, ఒక గొడ్డలి, రెండు గడ్డపారలు, రెండు పారలు, నాలుగు బొరిగెలు, తట్టలు, కొబ్బరి చీపుళ్ళు, సానరాయి, పొడవైన గట్టి కర్రలు ఉంటే చాలు. మొద్దుబారిన కొడవలి పదునైన దానికంటే ప్రమాదకరమని గడ్డి కోసేవారు ఎవరైనా చెబుతారు. అది గడ్డి మీద జారి కాలి మీదకు వస్తుంది. మోకాళ్ళ కింది దాకా వచ్చే గమ్ బూట్లు, మందపాటి చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా, కళ్ళద్దాలు తప్పనిసరి. హవాయి చెప్పులతో వచ్చినవారిని మొహమాటం లేకుండా నీళ్ళ పంపకానికి మార్చాలి, ఎందుకంటే సర్కారు తుమ్మ ముల్లు ఆ అట్టలోంచి సూటిగా పైకి వస్తుంది.

జేసీబీ పిలిస్తే గంటలో అయిపోతుంది కదా అనే మాట ప్రతి చోటా వస్తుంది. ఖాళీ స్థలానికైతే సరే. ఇంటి పెరట్లో ఆ యంత్రం పైమట్టినంతా ఎత్తి కుప్ప పోస్తుంది, నేలలోని కుళాయి గొట్టాన్నీ మురుగు తూమునూ పగలగొడుతుంది, బావి గట్టును కదిలిస్తుంది. ఆ మరమ్మతులకు డబ్బు పెట్టవలసింది ఆ పెద్దావిడే. గడ్డి కోసే బ్రష్ కట్టర్ అద్దెకు తెచ్చుకుంటే కొంత సుఖమే, కానీ అది తిరుగుతున్నప్పుడు రాళ్ళు బుల్లెట్ల వేగంతో లేస్తాయి కాబట్టి చుట్టూ 15 మీటర్లలో ఎవరూ ఉండకూడదు. పైగా పూతకు వచ్చిన వయ్యారిభామ మీద దానిని నడిపితే గింజలు పెరడంతా చల్లినట్టే అవుతుంది.

కత్తి పట్టే ముందు ఒక చుట్టు

పనికి ఒకటి రెండు రోజుల ముందు ఇద్దరు పట్టపగలు వెళ్ళి, పొడవైన కర్రతో అడుగు ముందు నేలను పొడుచుకుంటూ పెరడంతా ఒకసారి తిరగాలి. ఈ తిరుగుడు ముఖ్యంగా మూడింటి కోసం. మొదటిది పాత బావి. గట్టు కూలిపోయి, మీద తీగలు అల్లుకుపోయి, పచ్చటి నేలలా కనిపించే పాడుబావి పాత ఇళ్ళలో అసాధారణమేమీ కాదు. ఉందని తెలియగానే చుట్టూ కర్రలు పాతి తాడు కట్టాలి. దానిలోకి దిగి శుభ్రం చేయాలనే ఉత్సాహాన్ని మొగ్గలోనే తుంచాలి, ఎందుకంటే వాడకం లేని బావి అడుగున గాలి ఆడక మనుషులు స్పృహ తప్పి ప్రాణాలు పోయిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. రెండవది మరుగుదొడ్డి గుంత మీది బండ. అది చీలి ఉంటే దాని మీద ఎవరూ నిలబడకూడదు. ఆవిడను అడిగితే గుంత ఎక్కడుందో అడుగుల లెక్కన చెబుతారు.

మూడవది కరెంటు. బావి మోటారుకు ఎప్పుడో లాగిన తీగ పొదల్లో పడి ఉండవచ్చు. బట్టలు ఆరవేసే ఇనుప తీగ సర్వీసు వైరుకు ఆనుకుని ఉండవచ్చు. పని జరిగినంతసేపూ పెరటి వైపు సరఫరా ఆపివేయాలి. వీధి లైను మీదకు కొమ్మలు వాలి ఉంటే వాటిని మనం కొట్టకూడదు, 1912కు ఫోను చేసి లైన్‌మన్‌ను రప్పించుకోవాలి.

పెద్ద చెట్ల సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం 2002లో వచ్చింది. మనవాళ్ళు వాల్టా అని పిలిచే ఈ చట్టం కింద వేప, మామిడి వంటి చెట్టును మొదలంటా కొట్టాలంటే అనుమతి కావాలి. శ్రమదానంలో పెద్ద చెట్లను కొట్టే అవసరం దాదాపు ఉండదు. ఇంటి కప్పు మీదకు వాలిన ఎండు కొమ్మ ఉంటే చెట్టెక్కి కొట్టడం వృత్తిగా చేసుకున్నవారికి కూలి ఇచ్చి దింపించాలి. గోడ పగుళ్ళలో రావి మొక్క వేళ్ళూనుకుని ఉంటే దానిని బలంగా లాగకూడదు, ఇటుకలు కూడా వస్తాయి. మొదలు దగ్గర కోసి, ఆ పగులును తరువాత సున్నంతోనో సిమెంటుతోనో పూడ్చడానికి మేస్త్రీకి చూపించాలి.

పాములు, తేళ్ళు, కనిపించని పురుగులు

ఈ భాగాన్ని తేలికగా తీసుకోకూడదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుకు ఏటా సగటున 58,000 మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఆ మరణాలు ఎక్కువగా నమోదైన ప్రాంతాల్లో తెలుగు నేల కూడా ఉంది. మన పెరళ్ళలో జాగ్రత్త పడవలసినవి నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఎండుటాకుల్లో రక్తపింజర రంగు కలిసిపోతుంది, అది తప్పుకుని పోకుండా ఉన్నచోటనే చుట్టుకుని బుస కొడుతుంది. కట్లపాము పగలు ఇటుకల కుప్పల్లో, ఎలుక బొరియల్లో దాగి రాత్రి తిరుగుతుంది. దాని కాటు నొప్పి లేకుండా ఉండవచ్చు, గాటు కూడా కనిపించకపోవచ్చు. పొడుగ్గా, చురుగ్గా పారిపోయే జెర్రిపోతుకు విషం లేదు, ఎలుకలను తినే ఆ పామును పోనివ్వడమే మంచిది.

పని ఎప్పుడూ ఇంటి గోడ దగ్గర మొదలుపెట్టి బయటికి సాగాలి. కంచె వైపు నుంచి ఇంటి వైపుకు కోసుకుంటూ వస్తే పొదల్లోని ఎలుకలూ వాటి వెంట పాములూ చివరకు ఇంట్లోకి దూరుతాయి. వెనక తలుపు మూసి, కింది సందులో తడిగుడ్డ కుక్కి, తూములకు గుడ్డలు అడ్డం పెట్టి, పారిపోయే జీవాలకు పెరటి చివర దారి వదలాలి. మొదటి పూట గడ్డినీ తీగలనూ పైపైన కోసి ఆపితే రాత్రికి చాలావరకు అవే సర్దుకుని పోతాయి. మరునాడు కుప్పలు కదపవచ్చు. పెంకులు, ఇటుకలు, కట్టెలు, కొబ్బరి మట్టలు పేర్చిన కుప్పను చేత్తో ఎత్తకూడదు. ముందు కర్రతో నాలుగు వైపులా గట్టిగా తట్టి, కాసేపు ఆగి, దూరంగా నిలబడి గడ్డపార మొనతో పై వరుసను అవతలి వైపుకు కాక తన వైపుకు దొర్లించాలి. అప్పుడు కింద ఉన్నది మన పాదాల మీదకు కాక ఖాళీ జాగాలోకి పోతుంది. పెంకు అడుగు వైపు తిప్పి చూసిన తరువాతనే చేత పట్టాలి, తేలు అక్కడే అంటి ఉంటుంది.

పాము కనిపిస్తే పని ఆపి వెనక్కి రావాలి. దానిని చంపడం నేరం, చంపబోయినప్పుడే చాలామందికి కాటు పడుతుంది. పాములు పట్టేవారి నంబరును ముందే సంపాదించుకోవాలి. హైదరాబాదులో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఈ పని చాలా ఏళ్ళుగా చేస్తోంది, మిగతా ఊళ్ళలో అటవీ శాఖవారిని అడిగితే చెబుతారు.

కాటు పడితే గాయాన్ని కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు, మంత్రం వేసేవారి దగ్గర గంట పోగొట్టకూడదు. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేసి, కాటు పడిన అవయవాన్ని బద్దకు కట్టి కదలకుండా ఉంచి, నడిపించకుండా మోసుకుని 108లోనో దొరికిన వాహనంలోనో ఆసుపత్రికి చేర్చాలి. ఈ నాలుగు పాముల విషానికీ కలిపి పనిచేసే విరుగుడు మందు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. అయితే అన్ని చోట్లా అన్ని వేళలా నిల్వ ఉంటుందనుకోవడం పొరపాటు, కాబట్టి పనికి ముందురోజే దగ్గరి ఆసుపత్రికి వెళ్ళి ఆ మందు ఉందా అని అడిగి రావాలి. ఎర్రతేలు కుట్టిన మనిషికి చెమటలు పట్టి, వాంతులై, చేతులు కాళ్ళు చల్లబడుతుంటే అది కూడా ఆసుపత్రి పనే.

వీటి భయంలో మనం మరిచిపోయేది స్క్రబ్ టైఫస్. పొదల్లో ఉండే, కంటికి ఆననంత చిన్న నల్లి పురుగుల పిల్లలు కుట్టడం వల్ల ఈ జ్వరం వస్తుంది. కుట్టిన చోట నల్లటి చెక్కు కడుతుంది. పని అయ్యాక వెంటనే స్నానం చేసి, బట్టలు వేడినీళ్ళలో వేయాలి. మూడు వారాల లోపు జ్వరం వస్తే పొదల్లో పని చేసిన సంగతి వైద్యుడికి తప్పక చెప్పాలి, ఎందుకంటే చెబితే డాక్సీసైక్లిన్‌తో తగ్గిపోయే జబ్బు చెప్పకపోతే ప్రాణం మీదకు వస్తుంది. ధనుర్వాతం సూది వేయించుకుని చాలా ఏళ్ళయినవారు పనికి ముందే వేయించుకోవాలి.

ఏ మొక్కను ఎలా తీయాలి

వయ్యారిభామ ఒక్కో మొక్క 10,000 నుంచి 25,000 దాకా గింజలు రాలుస్తుంది, మొలిచిన నెల నెలన్నరకే పూతకు వస్తుంది. అందుకే తెల్లపూలు కనిపించకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, మొదట్లో పట్టుకుని వేరుతో సహా లాగాలి. కోస్తే మొదలు నుంచి మళ్ళీ పిలకలు వేస్తుంది. పుప్పొడీ ఆకుల నూగూ ఒంటికి తగిలితే దద్దుర్లు, ఉబ్బసం వస్తాయి కాబట్టి ఆయాసం ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండాలి, మిగతావారు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. అప్పటికే పూసి ఉంటే మొక్క తలను ముందు సంచిలో ముంచి, సంచి మూతి బిగించి, ఆ తరువాత లాగడం మంచిది. ఈ పనికి ఓపిక కావాలి, ఉప్పెనలా పని చేసే కుర్రవాళ్ళ కంటే వరి కలుపు తీసిన అనుభవం ఉన్న ఆడవారు దీనిని రెండింతల వేగంతో చేస్తారు.

సర్కారు తుమ్మను నేలమట్టానికి నరకడం వల్ల లాభం లేదు, ఒక కొమ్మ ఉన్నచోట ఆరు కొమ్మలు వస్తాయి. చిగుళ్ళు పుట్టే కణుపులు భూమికి కొంచెం కింద ఉంటాయి. కాబట్టి ముందు కొమ్మలన్నీ కొట్టి, మనిషి పట్టుకోవడానికి నడుమెత్తు మోడును మాత్రం ఉంచి, మోడు చుట్టూ గడ్డపారతో అడుగు లోతున గుండ్రంగా తవ్వాలి. మట్టి తీశాక పక్కవేర్లు మణికట్టు లావున కనిపిస్తాయి. వాటిని గొడ్డలితో తెంచి, మోడును అటూ ఇటూ ఊపితే తల్లివేరు ఎక్కడుందో తెలుస్తుంది. దానిని తవ్విన లోతులో నరికితే మళ్ళీ చిగురించదు. నడుమెత్తు మోడు ఉంచకుండా మొదటే మొదలంటా కొట్టేస్తే ఊపడానికి పట్టు దొరకక, అదే మోడు ఇద్దరికి పూట పని పెడుతుంది. కొమ్మలు లాగేటప్పుడు ముళ్ళు ఎప్పుడూ ఒకే వైపుకు ఉండేలా పేర్చాలి, లేకపోతే ఎత్తేటప్పుడు కుప్ప విడదు.

తుంగ విషయంలో ఎవరికీ విజయం లభించదు, ఆ మాట ముందే ఒప్పుకుంటే నిరాశ ఉండదు. పీకితే గడ్డ నేలలోనే ఉండి మళ్ళీ మొలుస్తుంది. నడిచే దారిలో మాత్రం జానెడు లోతు తవ్వి గడ్డలు ఏరేసి, మిగతా చోట నీడనిచ్చే పంటలు పెంచాలి. నీడలో తుంగ బలహీనపడుతుంది. గరికను దారి అంచుల్లో ఉంచడం మంచిదే, మట్టి కొట్టుకుపోకుండా పట్టుకుంటుంది.

జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం, దానిని కోసేటప్పుడు కళ్ళద్దాలు తీయకూడదు. దూలగొండి కాయ ఎండి ఉంటే గాలికి ఎగిరిన నూగే ఒళ్ళంతా దురద పెడుతుంది. కాయలను నీళ్ళతో తడిపి తరువాత కోయాలి. ఆముదం గింజలు, ఉమ్మెత్త కాయలు, గన్నేరు కొమ్మలు విడిగా కట్టి పక్కన పెట్టాలి, పిల్లలకూ పశువులకూ అందకూడదు.

గడ్డిమందు కొడదామనే సలహాను నేను ఒప్పుకోను. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇతరులు వాడకూడదని 2022లో కేంద్ర ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. పారాక్వాట్ అనే మరో గడ్డిమందు కడుపులోకి పోతే విరుగుడే లేదు. పెద్దావిడ ఒంటరిగా ఉండే ఇంట్లో మిగిలిన సగం సీసా మూలన పడి ఉండడం కంటే నాలుగు కలుపు మొక్కలు ఉండడమే నయం. వయ్యారిభామ మీద ఉప్పునీళ్ళు చల్లమనే సలహా బంజరు భూమికి చెప్పినది, మందార, కరివేపాకు ఉన్న పెరటికి అది పనికిరాదు.

కోసినదంతా ఏం చేయాలి

నిప్పు పెట్టకూడదు. గన్నేరు పొగ విషం, ఎండు గడ్డి మంట క్షణంలో తాటాకు పాకకో పక్కింటి గడ్డివామికో అంటుకుంటుంది. పూత రాని పచ్చి చెత్తను పెరటి చివర గుంత తీసి పొరలుగా వేసి, పొర పొరకూ పేడనీళ్ళు చల్లి, మట్టి కప్పితే నాలుగయిదు నెలలకు ఎరువవుతుంది. గింజ పట్టిన వయ్యారిభామనూ ముళ్ళ కంపనూ పంచాయతీ వాహనంలో పంపాలి. తెలంగాణలో పల్లె ప్రగతి కింద గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు ఇచ్చారు కాబట్టి సర్పంచికో పంచాయతీ కార్యదర్శికో ముందే చెప్పి రోజు ఖాయం చేసుకోవాలి. పట్టణాల్లో వార్డు పారిశుద్ధ్య సిబ్బందిని అడగాలి. వాహనం రోజు తేలకుండా కోత మొదలుపెడితే కంప కుప్ప వీధిలో నెల రోజులు ఉండి, తిట్లు మాత్రం ఆవిడకు పడతాయి.

సర్కారు తుమ్మ కట్టెలకు ధర ఉంటుంది. ఆ కట్టెలు ఆవిడవి. పొయ్యికి ఉంచుకుంటారో అమ్ముతారో ఆవిడే చెప్పాలి, అమ్మితే డబ్బు ఆవిడ చేతికే వెళ్ళాలి. పొదలు తీస్తుంటే రుబ్బురోలో, తిరగలో, ఇత్తడి బిందో, పిల్లల చిన్ననాటి మూడు చక్రాల సైకిలో బయటపడుతుంది. మనకు అది పాత ఇనుప సామాను. ఆవిడ చూసి సరే అనకుండా ఏదీ గేటు దాటకూడదు. కొబ్బరి చిప్పలు, పగిలిన కుండలు, పాత టైర్లు మాత్రం ఒప్పించి తీసేయించాలి; డెంగీ దోమ వాటిలోని గుక్కెడు నీటిలోనే వారం పది రోజుల్లో గుడ్డు నుంచి దోమ అవుతుంది, దాని గుడ్లు ఎండలో నెలల తరబడి చావకుండా ఉంటాయి.

దారి, గోడ, దీపం

కోత అయిపోగానే అందరూ చేతులు దులుపుకుంటారు గానీ ఆవిడకు ఉపయోగపడే పని ఇక్కడ మొదలవుతుంది. వెనక గడప నుంచి మరుగుదొడ్డి దాకా, అక్కడి నుంచి నీళ్ళ దగ్గరికి, మూడడుగుల వెడల్పున నేలను చదును చేసి, ఇటుక ముక్కలు పరిచి దిమ్మిస కొట్టి, పైన బండలు వేయాలి. ఆంధ్రలో కడప బండలు, తెలంగాణలో షాబాదు బండలు చవకగా దొరుకుతాయి. నున్నటి వైపు కిందికి, గరుకు వైపు పైకి ఉండాలి. అంతకు డబ్బు లేకపోతే కంకర దుమ్ము పోసి తడిపి కొట్టినా గట్టిపడుతుంది. దారి ఇరువైపులా పక్కకు కొంచెం వాలు ఉంటే నీరు నిలవదు. బట్టలుతికే బండ దగ్గర పట్టిన పాకుడును బ్లీచింగ్ పౌడరు వేసి గీకాలి, జారి తుంటి ఎముక విరగడానికి అక్కడే అవకాశం ఎక్కువ. మెట్టు ఉన్న చోట పట్టుకోవడానికి నడుమెత్తు ఇనుప గొట్టం పాతించాలి. దారి రెండో చివర కూడా దీపం ఉండాలి, స్విచ్చి మంచం దగ్గర ఉండాలి.

ఇంటి వెనక గోడ పొడుగునా మూడడుగుల మేర ఏ మొక్కా, ఏ కుప్పా లేకుండా ఉంచితే పాము ఇంట్లోకి వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. ఎలుక బొరియలను గాజుపెంకులు కలిపిన మట్టితో మూయాలి. వాడుకలో ఉన్న బావికి గట్టు సరిచేసి ఇనుప జాలీ వేయించాలి. గట్టు మీద తీగలు తీశాక ఆకులూ మట్టీ నీళ్ళలో పడతాయి కాబట్టి ప్రతి 1,000 లీటర్లకు సుమారు 2.5 గ్రాముల లెక్కన బ్లీచింగ్ పౌడరు కలిపి, గంట దాటాక నీళ్ళు తోడుకోవచ్చు.

ఆ రోజు పనివాళ్ళకు మజ్జిగో టీయో ఇస్తానని ఆవిడ అంటే కాదనకూడదు. నలుగురి చేత ఊరికే చేయించుకున్నాననే భావన ఆవిడకు మిగలకుండా ఉండడానికి ఆ గ్లాసు మజ్జిగ అవసరం. ముందూ తరువాతా ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టే అలవాటును మాత్రం గేటు బయట వదిలి రావాలి; తన ఇల్లు పాడుబడిన సంగతి ఊరంతా చూడాలని ఎవరూ కోరుకోరు.

తరువాతి నెలలు

ఖాళీ చేసిన నేలను అలాగే వదిలితే మొదటి వానకు వయ్యారిభామే తిరిగి వస్తుంది, ఏళ్ళ తరబడి రాలిన గింజ మట్టిలో ఉంటుంది. కాబట్టి ఏదో ఒకటి నాటాలి, కానీ ఆవిడ నీళ్ళు మోయవలసి వచ్చేంతగా నాటకూడదు. స్నానాల గది నీళ్ళు పారే చోట రెండు అరటి పిలకలు, నాలుగు చామ దుంపలు పెడితే వాటికి వేరే నీరు అక్కరలేదు. ఎండ బాగా తగిలే చోట ఆషాఢంలో బంతి చల్లితే అది వయ్యారిభామను అణచివేస్తుంది, దసరా దీపావళులకు పువ్వులూ వస్తాయి. దొండ పాదు, బచ్చలి తీగ గడపకు దగ్గరలో, ఆవిడ నిలబడి చేయి చాచితే అందే ఎత్తున పందిరి మీద ఉండాలి.

మొదటి వాన పడిన మూడు వారాలకు, మొలకలు పూతకు రాకముందే, ఇద్దరు వెళ్ళి ఒక పూట కలుపు తీయాలి. ఆ వానాకాలమంతా మూడు నాలుగు వారాలకు ఒకసారి అదే పని. నరికిన సర్కారు తుమ్మ మోళ్ళ దగ్గర చిగురు కనిపిస్తే బొటనవేలంత కాకముందే తవ్వేయాలి. ఈ తిరుగుడుకు అందరూ బాధ్యులంటే ఎవరూ వెళ్ళరు. ఏ నెల ఎవరిదో పేర్లు రాసి, ఫోను నంబర్లతో సహా, ఆవిడ వంటింటి గోడ మీది కాలెండరు పక్కన పెద్ద అక్షరాలతో అంటించి రావాలి. వరుస తప్పినప్పుడు ఆవిడే ఫోను చేసి అడిగే చనువు ఉండాలి. గింజ రాలనివ్వకుండా ఇలా రెండు వానాకాలాలు గడిస్తే, మూడో ఏడు తొలకరికి ఆ పెరటికి ఎనిమిది మంది అక్కరలేదు, ఇద్దరూ రెండు బొరిగెలూ సరిపోతాయి.